మిరప సాళ్ళ మధ్య నా గొంతు

మా బడిలో ఏడో తరగతి గదికి నల్లబల్ల నడిమధ్యన డిజిటల్ తెర బిగించారు. గోడ మీద ఇంకెక్కడా చోటు లేక కాదు, బిగించడానికి వచ్చినవాళ్ళ వైరు అక్కడి వరకే అందింది. తెరకు ఎడమవైపు మూరెడు, కుడివైపు మూరెడు నలుపు మిగిలింది. ఆ రెండు మూరల మీదే నేను ఇప్పటికీ తేదీ, హాజరు, కొత్త మాటలు రాస్తుంటాను. మాట పొడుగైతే సగం ఇటు, సగం అటు పడుతుంది. పిల్లలు అలవాటు పడిపోయారు, తెర దాటి మిగతా సగం చదువుకుంటారు.

అంతమాత్రాన నాకు తెరంటే గిట్టదనుకోవద్దు. మా బడిలో దాన్ని ఎక్కువగా వాడింది నేనే. కొట్టుకునే గుండెను చూపించాను. సముద్రం అడుగు చూపించాను. చీరాల వెళ్ళి ఒడ్డున కాళ్ళు తడుపుకొచ్చిన పిల్లలు కూడా ఆ అడుగున ఏముందో నోళ్ళు తెరుచుకుని చూశారు. ఇరవై ఏళ్ళుగా సుద్దముక్కతో ఏదో గీసి, ఇదే గుండె అనుకోండర్రా అని బతిమాలిన దాన్ని, నాకు ఆ రోజు నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు గదా, ఆ ఏడాది నల్లబల్లకు దొండాకు, బొగ్గు నూరి పట్టించడం కూడా మానేశాను. అంతకు ముందు ఏటా బడి తెరిచిన వారంలో పిల్లలంతా మోచేతుల దాకా నలుపు పూసుకుని ఆ పని చేసేవాళ్ళు.

వింత ఎంత దూరం పోయిందంటే, ఒకరోజు పత్తి పాఠం కూడా తెర మీదే చూపించాను. కిటికీలోంచి చెయ్యి చాపితే పత్తి చేను. తెర మీద ఏదో దేశంలో ఇంటంత యంత్రం వచ్చి పత్తిని పీల్చుకుంటూ పోతోంది. పిల్లలు కిక్కురుమనకుండా చూశారు. అంతా అయ్యాక గోడ పక్కనుంచి ఒకమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, ఇదేం పత్తో మాకర్థం కాలా. మా అమ్మ తీసే పత్తి ఇట్టా ఉండదు" అంది.

ఆ అమ్మాయి కోసమే ఇదంతా రాస్తున్నాను.

"అర్థమైందా?" అని అడగడం మా ఉపాధ్యాయులకు నోటి అలవాటు. "అర్థమైంది మేడమ్" అని రాగం తీయడం పిల్లలకు అలవాటు. ఆ రాగంలో కలవని గొంతు ఆ అమ్మాయి ఒక్కదానిదే. కాలేదంటే కాలేదనేది. సిగ్గుపడేది కాదు. పైగా తన ఒక్కదాని తరఫునే కాదు, గది చుట్టూ ఒకసారి చూసి, "దానిక్కూడా కాలా, అడగండి మేడమ్" అని పక్కదాన్ని కూడా పట్టించేది. గంట కొట్టే ముందు అలా లేచినప్పుడు నాకు చిరాకేసేది. నోరు మూసుకుని కూర్చోవే అని ఒకటి రెండుసార్లు అన్నాను కూడా. కానీ ఆ పిల్ల కాలేదన్న రోజునే నేను ఇంకో దారి వెతికేదాన్ని. భిన్నాలకు చింతగింజలు తెచ్చాను. గ్రహణాల కోసం దీపం చుట్టూ బత్తాయిని, గోళీని తిప్పాను. నా దగ్గర మంచి పాఠాలని నలుగురూ మెచ్చుకునేవాటిలో సగం ఆ పిల్ల పోరు పడలేక పుట్టినవే.

మాది దర్శి వైపు పల్లె. కూలీల ఇళ్ళే ఎక్కువ. క్రిస్మస్ వెళ్ళి, కొత్త సంవత్సరం ఆరాధన అయిన వారానికల్లా మా ఊరి కూలి ముఠాలు మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్ళిపోతాయి. తట్టా బుట్టా, పొయ్యి, పిల్లలు, కోళ్ళు, అన్నీ ట్రాలీ ఆటోల్లో ఎక్కుతాయి. చేల గట్ల మీద పట్టాలతో పాకలు వేసుకుని మార్చి చివరి దాకా అక్కడే. బడిలో సగం బల్లలు ఖాళీ. ఏటా డిసెంబరులో నేను ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని నాయనమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో ఉంచి వెళ్ళమని తల్లులతో తగువు పెట్టుకునేదాన్ని. వాళ్ళు తిట్టేవాళ్ళు. నేను తిట్టేదాన్ని. ఏటా నలుగురైదుగురు పిల్లలు మిగిలేవాళ్ళు.

ఆ తగువులో నాకు నా సొంత బాకీ కూడా ఉంది. మా అమ్మ కూడా మిరప కోతలకు వెళ్ళిన మనిషే. నా ఎనిమిదో ఏట, ఆటో కాదు అప్పుడు ఎడ్లబండి, అది కదిలే ముందు నన్ను చెయ్యి పట్టుకుని మా చర్చిలో సండే స్కూల్ చెప్పే టీచరమ్మ ఇంటికి తీసుకెళ్ళి, దీన్ని ఉంచుకోండమ్మా అని వదిలేసింది. ఆ టీచరమ్మ పాత దుప్పటి ముక్కను పలకకు చుట్టి, దాని మీద గుడ్డ బొమ్మలు అంటించి కథలు చెప్పేది. ఆ మూడు నెలలు అమ్మ కోసం ఏడుస్తూనే బడికి వెళ్ళాను. ఆ ఏడుపు వల్లే ఇవాళ నేను టీచరును. ఎవరికైనా తెలియకపోతే పోనీ, ఆ సంగతి నాకు తెలుసు.

తెలిసి కూడా ఆ పని చేశాను.

తెర వచ్చిన ఆ ఏడాది డిసెంబరులో, ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి తల్లి తనంతట తనే బడికొచ్చింది. నా ఉద్యోగంలో అలా ఒక తల్లి అడగడానికి రావడం అదే మొదలు. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, తలపాగా గుడ్డ ఇంకా మెడలోనే ఉంది. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మం పక్కన నిలబడి, ఈసారి పిల్లను తన అక్క ఇంట్లో ఉంచుదామా, వెంట తీసుకెళదామా తేల్చుకోలేకపోతున్నానంది. అక్క ఇంట్లో చోటు ఇరుకు, అయినా ఉంచుకుంటానంటోంది. పిల్లకు చదువు మీద ధ్యాసుంది. మీరేం చెబితే అది చేస్తానంది.

అప్పటికి నా బుర్రలో వేరే పథకం తిరుగుతోంది. పాఠాలు నా ఫోన్లో తీసి, వెళ్ళిన పిల్లల ఫోన్లకు పంపాలని. తగువులాడే పని తప్పుతుంది, పిల్లలు తల్లుల దగ్గరే ఉంటారు, చదువూ ఆగదు. ఎంత తెలివైనదాన్నో అని నాకు నేనే ముచ్చటపడుతున్న రోజులు. ఆమె మొహంలోకి సరిగ్గా చూసినా బాగుండేది. ఉంచమని చెబుతాననే ఆమె అంత దూరం నడిచొచ్చింది. వద్దనడానికైతే ఇంట్లోనే ఉండేది గదా.

"తీసుకెళ్ళమ్మా. పాఠం ఫోన్లో పంపిస్తా. బళ్ళో ఉన్నట్టే" అన్నాను.

"అంతేనంటారా మేడమ్" అంది ఆమె. అంతేనన్నాను.

జనవరి నుంచి రోజూ బడి అయ్యాక ఇంట్లో స్టీలు డబ్బాకు ఫోను ఆనించి పాఠాలు తీశాను. శుభ్రమైన చీర కట్టుకుని, వెనక గోడకు పటం తగిలించి. గింజలు, పటాలు, నా దగ్గరున్న సరంజామా అంతా దింపాను. ఊపిరి పాఠానికి కొత్తగా నీళ్ళ సీసా కోసి, లోపల రెండు బుడగలు కట్టి, అడుగున రబ్బరు బిగించి, దాన్ని లాగితే బుడగలు ఉబ్బేట్టు చేశాను. పంపగానే టిక్కులు నీలం రంగు తిరిగేవి. రోజూ తిరిగేవి. మొదట్లో ఆ అమ్మాయి "అర్థమైంది మేడమ్" అని పంపేది. తర్వాత తర్వాత బొటనవేలు బొమ్మ ఒకటి వచ్చేది. నేను ఆ నీలం టిక్కులను హాజరుపట్టీలా చూసుకునేదాన్ని. మా హెడ్మాస్టరు గారు మెతక మనిషి, మంచివాడు. మండలంలో ఉపాధ్యాయుల సమావేశం జరిగితే నన్ను లేపి మాట్లాడమన్నారు. మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. నా పాఠాలు తామూ వాడుకుంటామని ఇద్దరు ముగ్గురు అడిగి తీసుకున్నారు కూడా.

గదిలో కాలేదని లేచే పిల్ల ఫోన్లో రోజూ అర్థమైంది అంటోందేమిటని నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

అనుమానం రాలేదు గానీ, బెంగ మాత్రం పట్టుకుంది. గోడ పక్క చోటు ఖాళీగా ఉండేది. అర్థమైందా అని అడిగితే, మిగిలిన పిల్లలు అర్థమైంది అని రాగం తీసేవాళ్ళు, అంతటితో పాఠం అయిపోయేది. గంటకు ముందే అయిపోయేది. ఆ మిగిలిన పది నిమిషాలు నాకేం తోచేది కాదు. ఒకరోజు పాఠం మధ్యలో అనుకోకుండా అటు తిరిగి ఆగాను. ఎవరో ఒకరు నన్ను ఆపాలని అంత గట్టిగా కోరుకుంటానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం చర్చి ఎగ్గొట్టి బయల్దేరాను. నాకు ఒంట్లో బాగాలేదని పాస్టరు గారికి చెప్పించాను, అది నిజమే అనిపించింది కూడా. నోటుపుస్తకాలు, పెన్నులు, కాస్త మురుకుల పొట్లం సంచిలో పెట్టుకుని గుంటూరు వైపు బస్సెక్కాను. దిగి ఆటో మాట్లాడుకుని, మా ఊరి ముఠా ఏ చేలో ఉందో అడుగుతూ వెళ్ళాను. ఆ దారంతా రెండువైపులా కళ్ళాల మీద ఎర్రగా మిరపకాయలు ఎండుతున్నాయి. గాలికి ముక్కు, గొంతు మండి దగ్గుతూనే ఉన్నాను. ఆటో అతను తువ్వాలు ఇచ్చి మొహానికి కట్టుకోమన్నాడు.

చేను గట్టు దగ్గర దిగాను. మొక్కలు నడుమెత్తున ఉన్నాయి. ఆడవాళ్ళు మొహాలకు గుడ్డలు కట్టుకుని, ఒక్కొక్కరు ఒక్కో సాలు పట్టి, వంగి కాయ కోస్తూ పోతున్నారు. ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టంగా ఉంది. అప్పుడు నాకు ఒక గొంతు వినపడింది. తెలిసిన గొంతు. ఎవరబ్బా అని రెండడుగులు వేసేసరికి తెలిసింది, అది నాదే.

"ఇప్పుడు ఇటు చూడండి" అంటున్నాను. "ఈ రబ్బరు కిందికి లాగాను. బుడగలు ఉబ్బాయి, చూశారా?"

నెల కిందట పంపిన ఊపిరి పాఠమే, ఆదివారం కొత్తది లేక మళ్ళీ పెట్టినట్టున్నారు. ఎవరూ చూడడంలేదు. ఆ తల్లి నడుముకు కట్టిన చెంగులో ఫోను దోపుకుంది. పక్క సాలులో ఆ అమ్మాయి. ఇద్దరి చేతులూ ఆగడంలేదు. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా నా పాఠం వింటూ కోస్తున్నారు. చెంగులోపలి నుంచి నేను మళ్ళీ ఇటు చూడండి అన్నాను, అటు చూడండి అన్నాను, అర్థమైందా అని కూడా అడిగాను. ఒకావిడ దగ్గుతూ, ఈ మేడమ్ రోజూ చూడండి చూడండి అంటది, ఏం చూపిచ్చిద్దో ఏమో అంది. మిగతావాళ్ళు నవ్వారు. ఎగతాళిగా కాదు, చనువుగా నవ్వారు. నెలన్నరగా రోజూ వింటున్నారు మరి. గట్టు మీద నిలబడి నేను తువ్వాలు మొహానికి ఇంకాస్త పైకి లాక్కున్నాను.

నన్ను చూసి ఆ తల్లి కంగారు పడింది. పని ఆగకూడదని అందరూ సాలు చివర దాకా కోసి, బువ్వ వేళకు గట్టెక్కారు. అప్పుడు ఒక్కో సంగతి తెలిసింది. మొదటి వారం పిల్ల సాయంత్రాలు ఫోను చూసింది. తర్వాత చూడడం కుదరలేదు. కోత చేతులు ఎంత కడిగినా మంట పోదు, మంటకు నూనె రాసుకుంటారు, నూనె వేలికి ఫోను పలకదు. పలికినా, ఆ వేలు కంట్లో తగిలితే ఆ పూటంతా కన్ను తెరవలేదు. పెన్ను పట్టుకుంటే వేళ్ళ సందులు మండుతాయి. అందుకని తల్లి ఒక ఉపాయం చేసింది. కోసేటప్పుడే పాఠం పెడితే చూడకపోయినా వినిద్ది గదా అనుకుంది. చేతికి గుడ్డ చుట్టుకుని ఒక వేలు మాత్రం శుభ్రంగా ఉంచుకుని, ఆ వేలితో పాఠం తెరిచేది. అయ్యాక బొటనవేలు బొమ్మ నొక్కేది. నాకు పంపింది ఆమే.

"మీరు ఎదురుచూస్తుంటారు గదా మేడమ్, బాధపడతారని" అంది.

నన్ను ఎవరైనా చెంపమీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. పోనీ పిల్లను వదిలేసిన తల్లా అంటే, కాదు. నేను చెప్పింది చెప్పినట్టు చేసింది. నేను పంపిన పాఠం ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు.

ఆ అమ్మాయి నా పక్కనే కూర్చుంది. నెలన్నరకే మనిషి మారింది. నలుపెక్కింది, చెంపలు లోపలికి పోయాయి, చేతులు ఒడిలో పైకి తిప్పి పెట్టుకుంది, ఎక్కడా తగలకుండా. ఊపిరి పాఠం విన్నావా అన్నాను. విన్నానంది. చెప్పమన్నాను. ఊపిరి పీల్చినప్పుడు లోపల రబ్బరు లాంటిదేదో కిందికి దిగిద్దంట మేడమ్, గుండెతో సహా దిగిద్దా, మళ్ళీ ఎట్టా ఎక్కిద్ది అని అడిగింది. నెల రోజుల నుంచి ఆ భయం దాని లోపల ఉన్నట్టుంది. కోసేటప్పుడు గట్టిగా గాలి పీల్చాలంటే జంకేదాన్నంది.

నా దగ్గర సీసా లేదు, తెర లేదు, సుద్దముక్క లేదు. దాని మణికట్టు పట్టుకుని, మండని వైపు, అంటే చేతి వెనకవైపును నా పొట్ట మీద ఆనించుకున్నాను. నిదానంగా గాలి పీల్చాను. వదిలాను. మళ్ళీ పీల్చాను. దాని మొహంలోకే చూస్తున్నాను. మూడోసారికి కళ్ళు విప్పారాయి.

"ఇదా మేడమ్. పొట్ట ముందుకొచ్చేది ఇందుకా" అంది.

పాఠం అంతే. అర నిమిషం పట్టింది. అక్కడున్న ఆడవాళ్ళు కూడా తలా ఒకసారి పొట్టల మీద చెయ్యి పెట్టుకుని, మంట అని తీసేసి నవ్వుకున్నారు. ఇన్ని రోజులు ఇటు చూడండి అన్నదాన్ని, నేనొక్కసారీ వాళ్ళవైపు చూడలేదు. తెరను తప్పు పట్టను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంటుంది. ఫోను నేను పంపమన్నది పంపింది. పిల్ల కళ్ళల్లోకి చూసే పని దానిది కాదు, నాది. నా పనిని దానికి అప్పగించి చప్పట్లు కొట్టించుకున్నాను.

ఆ రోజే పిల్లను నాతో పంపమని అడిగాను. మా ఇంట్లో ఉంచుకుంటానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని నాకే తెలుస్తోంది. తల్లి తల అడ్డంగా ఊపింది.

"ఆ రోజు ఉంచమంటే ఉంచేదాన్ని మేడమ్. నాకూ మనసదే. ఇప్పుడు దీని చెయ్యి పడింది. నాతో సమానంగా కోసుద్ది. మేస్త్రి కూడా పెద్ద మనిషి లెక్కన సాలిచ్చాడు" అంది.

ఆ మాటకు పిల్ల తల కొద్దిగా ఎత్తింది. ఆ ఎత్తడంలో కాస్త గర్వం ఉంది. పన్నెండేళ్ళ పిల్లను అందరి ముందూ పనిమంతురాలంటే గర్వం ఉండదా? ఆ గర్వాన్ని చూసి నాకు భయం వేసింది. మా బడిలో ఎవరూ దాన్ని అంత మాట అనలేదు. నేను కూడా అనలేదు. నోరు మూసుకుని కూర్చోమన్నాను.

ఏప్రిల్లో వాళ్ళు తిరిగొచ్చారు. ఏడో తరగతి పరీక్షలు రాసింది. అందరితో పాటు పాసయింది. మా బడి ఏడు వరకే. ఎనిమిదికి నాలుగు మైళ్ళ అవతల హైస్కూలుకు వెళ్ళాలి. నేనే తీసుకెళ్ళి పేరు రాయించాను. ఆ పేరు పట్టీలో ఉంది గానీ, పిల్ల వారం వెళ్ళి మానేసింది. జూన్లో పత్తి విత్తనాలు, తర్వాత కలుపులు, తర్వాత పత్తి తీత, మళ్ళీ మిరప. చెయ్యి పడిన మనిషికి ఏడాదంతా పనే. వాళ్ళ ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు. వెళ్ళినప్పుడల్లా ఆ తల్లి కుర్చీ వేసేది, టీ ఇచ్చేది, వచ్చే నెల చూద్దాం మేడమ్ అనేది. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరమాడలేదు. ఆడితే బాగుండేది.

ఇది జరిగి రెండేళ్ళు. నేను తెర ఇప్పటికీ వాడుతున్నాను. సముద్రం అడుగు చూపించాలంటే ఇంకేం చేస్తాను. కానీ చూపించినంత చూపించి, ఆపేసి, పిల్లల వైపు తిరిగి నిలబడతాను. అర్థమైందా అని అడగడం మానేశాను. నువ్వు చెప్పు అంటాను. డిసెంబరు వస్తే మళ్ళీ ఇల్లిల్లూ తిరుగుతున్నాను, మళ్ళీ తిట్లు తింటున్నాను. ఫోన్లో పంపొచ్చు గదా మేడమ్ అంటే, నాకు ఫోను సరిగా వాడడం రాదమ్మా అని అబద్ధమాడుతున్నాను. మండలంలో చప్పట్లు కొట్టినవాళ్ళు వింటే నవ్వుతారు.

అయినా ఆ గోడ పక్క చోటు వైపు చూడని రోజు లేదు. అక్కడ ఇప్పుడు వేరే పిల్ల కూర్చుంటుంది, బుద్ధిమంతురాలు, దేనికీ లేవదు. తరగతి నిశ్శబ్దంగా, సాఫీగా నడుస్తుంది. అంత సాఫీ పాఠాలు నాకొద్దు. నాకు ఆ పిల్ల కావాలి. గంట కొట్టే ముందు లేచి నన్ను విసిగించే ఆ పిల్ల నాకు కావాలి.

ఈ జనవరిలో, మొన్న మంగళవారం, మధ్యాహ్నం భోజనాల వేళ ఫోను మోగింది. ఆ తల్లి నంబరు. తీస్తే ఆ అమ్మాయి. గొంతు పెద్దమనిషిలా మారింది, నేను పోల్చుకోలేదు. బాగున్నారా మేడమ్ అంది. ముఠాలో ఆడవాళ్ళు పాఠాలు ఏవని అడుగుతున్నారంది, కోసేటప్పుడు ఊసుపోవడంలేదంట. మీరు మళ్ళీ పంపుతారా అని అడిగింది.

నాకు ఒక్కసారిగా ఆశ పుట్టింది. చదవాలనుందా తల్లీ, ఎనిమిదివా, తొమ్మిదివా, ఏవి పంపను అన్నాను.

"ఏడో తరగతివే పంపండి మేడమ్. నేను అక్కడిదాకే గదా" అంది.

అందులో ఏడుపు లేదు, అలక లేదు. ఊరి పొలిమేర ఎక్కడో చెప్పినట్టు చెప్పింది. నేను ఫోను పట్టుకుని గదిలోంచి వరండాలోకొచ్చాను.

ఏవీ పంపనమ్మా అన్నాను. పాఠం పంపి ఒకసారి నిన్ను పోగొట్టుకున్నాను, ఇంకోసారి ఆ పని చెయ్యను అన్నాను. పక్క మండలంలో ఆడపిల్లలకు హాస్టల్ బడి ఉంది, మధ్యలో ఆపేసినవాళ్ళను వయసు చూసి చేర్చుకుంటారు, కిందటి నెలలోనే వెళ్ళి కనుక్కొచ్చాను. ఆదివారం నేనే వస్తాను, మీ అమ్మతో మాట్లాడతాను, నీతో కూడా మాట్లాడతాను, వద్దంటే అక్కడే నాకు చెప్పు అన్నాను. తప్పు నాదమ్మా, నేను మీ అమ్మకు తప్పు చెప్పాను అని కూడా అన్నాను. ఆ మాట రెండేళ్ళ కిందటే అనాల్సింది.

అవతల దూరంగా ఎవరో దగ్గుతున్నారు.

"ఈ ఏడు వేరే చేలో ఉన్నాం మేడమ్" అంది. బస్సు ఎక్కడ దిగాలో చెప్పింది. దిగాక కాలవ కట్ట పట్టుకుని ఎటు నడవాలో చెప్పింది. మోటారు షెడ్డు దగ్గర రెండు దారులు వస్తాయని, ఎడమ దారి కాదని, నేను తప్పిపోతానని, అదే మాట రెండోసారి చెప్పింది.

"నేను కట్ట మీదకొచ్చి నిలబడతాలే మేడమ్. మీకు కనపడేట్టు" అంది.

ఇవాళ ఇంకా గురువారమే.